ఇరుక్కు అన్న మాట

"ఆ చీర ఈ గడప దాటి లోపలికొచ్చిందంటే నేను గడప దాటి బయటికి పోతా! ఇంగ కర్మంతరం మీరే చేసుకోండి, వడా పాయసం మీరే తినండి!"

ధనమ్మ వాకిలికి అడ్డంగా కూర్చుంది. మామూలుగా కూర్చోవడం కాదు. రెండు చేతులూ రెండు వైపులా ద్వారబంధానికి ఆనించి, కాళ్లు బారజాపి, నన్ను దాటుకుని ఎవరు పోతారో చూస్తానన్నట్టు కూర్చుంది. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె కడుపు నిండా తిన్నది లేదు. గొంతు మాత్రం వీధి చివరి దాకా వినిపిస్తోంది.

వీధిలో, ఎండలో, ఆమె అల్లుడు సుదర్శనం నిలబడి ఉన్నాడు. చంకలో కాగితం చుట్టిన చీర. క్వారీ ప్రమాదం మీద విచారణ కోసమని ఇన్ని రోజులూ తిరువళ్లూరులోనే ఉండి, పొద్దున మొదటి రైలుకు తిరుత్తణిలో దిగి నేరుగా ఇక్కడికే వచ్చాడు. గడ్డం మాసింది. చొక్కా గుండీ ఒకటి తప్పి పెట్టుకున్నాడు. మామూలు రోజైతే కాంచన నవ్వి సరిచేసేది.

"అక్కా, పదిమందీ చూస్తా ఉండారు" అన్నాడు ధనమ్మ తమ్ముడు దామోదరం. పొద్దున్నుంచీ ఆయన ఈ ఒక్క మాటే అంటున్నాడు పాపం.

"చూడనీ. చూసేదానికే గదా వచ్చినారు."

పందిట్లో కూర్చున్నవాళ్లు తలలు వంచుకున్నారు. కానీ ఒక్కరూ లేచి పోలేదు.

తల్లి వెనక, చీకటి నడవలో కాంచన నిలబడి ఉంది. ఇంకా లోపల గోడకు ఆనుకుని కోకిల కూర్చుని ఉంది. భర్త తణికాచలం పోయిన నాటి నుంచి కోకిల నోరు విప్పలేదు. నీళ్లిస్తే తాగుతుంది, లేమ్మంటే లేస్తుంది, అంతే.

భర్త పోయిన ఆడదానికి కర్మంతరం నాడు పుట్టింటి చీర రావాలి. అన్నో తమ్ముడో తెచ్చి భుజం మీద వేస్తేనే ఆమెను కూర్చున్న చోటి నుంచి లేపుతారు. కోకిలకు పుట్టిల్లంటే మిగిలింది అన్న సుదర్శనం ఒక్కడే. ఆ చీర వెనక్కి పోతే ఆ అమ్మాయికి పుట్టిల్లు తెగినట్టే.

తెగితే ఒక్క కోకిలకేనా? వీళ్లది కుండమార్పిడి. కాంచనను సుదర్శనానికిచ్చి, సుదర్శనం చెల్లెలు కోకిలను కాంచన తమ్ముడికి చేసుకున్నారు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు, ఒకే పందిట్లో రెండు పెళ్లిళ్లు. "ఎవురి కూతురు ఎవురింట్లో ఏడిసినా రెండో ఇంట్లో ఇనపడతాదిలే" అని ఆ రోజు ధనమ్మే అందరినీ నవ్వించింది. అటువంటి చోట ఒకరు తలుపు మూస్తే రెండో తలుపు దానంతట అదే మూసుకుంటుంది. ఆ సంగతి అందరికంటే కాంచనకు బాగా తెలుసు.

"అత్తా" అన్నాడు సుదర్శనం. "నన్ను ఎన్నైనా అను. చీర మాత్రం లోపలికి పోనీ."

"నిన్ననేదానికి నాకు నోరెందుకు? ఆఫీసరు కాడ నువ్వు అన్నావు గదా, అది చాలు. బ్రేకు పడిందని నా కొడుకే చెప్పినాడంట, అందుకని ఈయన వదిలినాడంట! చచ్చినోడు లేచొచ్చి కాదంటాడా అనే గదా నీ ధైర్యం?"

"నేను ఇన్నదే చెప్పినా అత్తా."

"ఇన్నాడంట!" ధనమ్మ పందిరి వైపు తిరిగింది. "ఇన్నారా, ఈయన ఇన్నాడంట!"

ఆ విన్న మాట ఏమిటో ఇప్పటికి తిరుత్తణిలో తెలియనివాళ్లు లేరు. కంకర క్వారీలో కొండమీది నుంచి కిందికి పట్టాలున్నాయి. రాళ్లు నింపిన ట్రాలీని పైన పెద్ద డ్రమ్ముకు చుట్టిన ఇనుపతాడు పట్టుకుని ఉంటుంది. ఆ డ్రమ్ము బ్రేకు సుదర్శనం చేతిలో ఉంటుంది. ట్రాలీ వెనక మెట్టు మీద నిలబడి, దాని బ్రేకు చక్రం తిప్పి, చెక్కలు చక్రాలకు నొక్కుకునేట్టు చేసేవాడు తణికాచలం. ట్రాలీ బ్రేకు పడిందని బామ్మర్ది కేక వేస్తేనే బావ పైన డ్రమ్ము వదలాలి. ఆ రోజు సుదర్శనం "బ్రేకూ?" అని అరిచాడు. "ఇరుక్కు!" అని జవాబొచ్చింది. వదిలాడు. ట్రాలీ ఎక్కడా ఆగలేదు.

అరవంలో ఇరుక్కు అంటే ఉంది అని. బ్రేకు ఉంది, నువ్వు వదులు అని. మరి అదే అరవంలో ఇరుక్కు అంటే బిగించు అని కూడా! నా బ్రేకు పట్టడం లేదు, నువ్వు బిగించు అని. రాస్తే ఒకదానికి మామూలు ర, ఇంకోదానికి మన బండి ఱ లాంటిది. నోటితో అంటే రెండూ ఒకటే. కొండమీద ఆ గాలిలో, ఆ రాళ్ల మోతలో, ఎవడు ర చూస్తాడు, ఎవడు ఱ చూస్తాడు?

"మామా, నువ్వైనా చెప్పు" అన్నాడు సుదర్శనం దామోదరంతో. "వానికి బయమేసుంటే తెలుగులో అరిచుండడా? బావా, బిగించు అనుండడా? ఊహ తెలిసినప్పట్నుంచి వాడు నాతో ఒక్క మాట అరవంలో మాట్లాడినోడు కాదు. బయమేసినప్పుడు మనిషికి యా మాట వస్తాది?"

దామోదరం మీసం దువ్వుకున్నాడు. ఆయనకు అదీ నిజమే అనిపించింది.

"తెలుగులో అరిస్తే ఆ ఏళుమలై మేస్త్రి ఊరుకుంటాడా?" అంది ధనమ్మ. "ఆవడి నుంచి వచ్చినోడు, వానికి మన మాట తెలీదని, కేకలన్నీ అరవంలోనే ఎయ్యాలని రూలు పెట్టినాడు గదా! ఒగసారి తెలుగులో అరిచినాడని అందరి ముందరా నా బిడ్డను కోతి మాదిరి నిలబెట్టినాడు. మళ్లా తెలుగు వస్తాదా వాని నోట?"

దామోదరానికి అదీ నిజమే అనిపించింది.

కాంచనకు రెండు మాటలూ రెండు వైపుల నుంచి వచ్చి గుండెలో దిగుతున్నాయి. మొగుడు విన్నది నిజం కావాలి. తమ్ముడు అన్నది తప్పు కాకూడదు. రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయి? ఇన్ని రోజులుగా ఆమె వంట చేస్తూ, బిందె తోముతూ, ఎవరూ లేనప్పుడు ఆ మాటను తనలో తాను అనుకుని చూసింది. ఇరుక్కు. ఇరుక్కు. ఎన్నిసార్లు అన్నా అది ఒకటే మాట.

"అమ్మా, లే" అంది. "పొద్దెక్కతా ఉండాది. బాయి కాడ అయ్యోరు కాచుకోనుండాడు."

"నువ్వు ఎవురి పక్క? అది చెప్పు ముందర." ధనమ్మ తల తిప్పకుండానే అడిగింది. "ఈడుంటే నా కూతురివి. ఆ వీధిలోకి పోతే వాని పెండ్లానివి. రెండూ ఇంగ కుదరదు."

"రెండూ నేనే గదమ్మా."

పందిట్లో ఎవరో దగ్గి, దగ్గినందుకు సిగ్గుపడ్డట్టు ఊరుకున్నారు.

కాంచన లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. వాకిట్లో తల్లి చాపిన కాళ్ల దగ్గర ఆగింది. ఆ కాళ్లను దాటగూడదు, దాటకుండా పోయే దారి లేదు. ధనమ్మ ఏదో గొణిగి, కాళ్లు ముడుచుకుంది.

సుదర్శనం చెంబు అందుకున్నాడు గానీ తాగలేదు.

"తిన్నావా?" అని అడిగింది కాంచన.

"తిన్నా."

"యాడ తిన్నావు? మొగం చూస్తే తెలస్తా ఉండాది."

అతను నవ్వబోయాడు, రాలేదు. "నువ్వు ఇంటికి వస్తావా?"

"ముందు ఈ పొద్దు గడవనీ."

"కాంచనా, నేను అబద్ధం చెప్పినానని నువ్వు కూడా అనుకుంటా ఉండావా?"

"లేదు" అంది వెంటనే. "నువ్వు చెప్పవు. మా తణి కూడా చెప్పేటోడు కాడు. అదే నాకు అంతు పట్టలా."

అంటుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ తల్లి కోసం, కోకిల కోసం అణుచుకున్న ఏడుపు. మొగుడి ముందర నిలబడితే ఆగలేదు. తమ్ముడి కోసం మొగుడి భుజం మీద తల పెట్టి ఏడవాలని ఉంది. ఆ భుజమే కదా డ్రమ్ము వదిలింది అని మనసు అడ్డం పడుతోంది. ఇటువంటి కష్టం పగవాళ్లకు కూడా వద్దు!

"అన్నా."

లోపలి నుంచి వచ్చిందా మాట. చాలా చిన్న గొంతు. అయినా పందిట్లో తలలన్నీ అటు తిరిగాయి. కోకిల లేచి, గోడ పట్టుకుని, నడవలోకి వచ్చింది. ధనమ్మ వెనక్కి తిరిగి చూసి, అత్తననే సంగతి మరిచిపోయి, "అమ్మా, జాగర్త" అంది.

"అన్నా, మేస్త్రి కేకలు నేర్పించినప్పుడు నువ్వు యాడుండావు?"

సుదర్శనానికి ప్రశ్న అర్థం కాలేదు. "ఆడనే ఉండా. చెట్టు కింద బీడీ తాగతా ఉండా. ఎందుకు కోకిలా?"

"నేర్చుకోలేదా?"

"నాకు అరవం వాడు నేర్పేదేంది?" అన్నాడు. ఆ మాటలో పాత రోషం కొంచెం పలికింది. "ఇంటికాడ తెలుగు, వీధిలో అరవం. రెండూ పుట్టినప్పట్నుంచి వస్తా ఉండాయి. నిన్న గాక మొన్న వచ్చినోడు నాకు పాఠం చెప్పేదా?"

"ఆయన నేర్చుకున్నాడన్నా."

కోకిల ఇంకా గోడ వదల్లేదు.

"రోజూ అన్నం కాడ చదివేటోడు, స్కూలు పిలకాయల మాదిరి. తెలిసిన అరవమే గదా, ఇదేం చోద్యం అని నేను నవ్వేదాన్ని. అరవం కాదే, యా కేకకు యా మాటో అది తెలియాల అనేటోడు. నేను అన్నం పెడితే పోట్టాచ్చు అనేటోడు. మజ్జిగ పోస్తా ఉంటే నిరుత్తు అని చెయ్యి అడ్డం పెట్టేటోడు. నేను నిలపకుండా పోసేస్తే ట్రాలీ పడిపాయనే అని అరిచేటోడు."

ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ఆ ఇంట్లో అందరికీ ఆ అరుపు గుర్తే. వంటింట్లోంచి ఆ మొగుడూ పెళ్లాల గోల వినిపిస్తుంటే ధనమ్మ "ఇదేం కాపురమో" అని కసురుకునేది, లోలోపల మురిసిపోయేది.

"బ్రేకు పడితే ఏమనాలని నేర్పించినాడో తెలుసా అన్నా? పోట్టాచ్చు. వేసేసినా అని. అదొక్కటే మాట. ఇరుక్కు అనేది బిగించేదానికి. ఇంగ దేనికీ అనగూడదు. రెండర్థాలుండాయని తెలుసు గాబట్టే మేస్త్రి అట్ల పెట్టినాడంట. ఆయన ఆ కేకలు ఒక్కటి గూడా తప్పేటోడు కాదన్నా."

సుదర్శనం చేతిలోని చెంబు వంగింది. నీళ్లు కాళ్ల మీద పడుతున్నా అతనికి తెలియలేదు.

"ఇన్నారా!" ధనమ్మ ఒక్క ఉదుటున లేచింది. "ఇన్నారా అందరూ! నా బిడ్డ తప్పు లేదు! బిగించమనే అరిచినాడు నా తండ్రి, బిగించమనే..."

ఎదురుగా కూతురి ముఖం కనిపించింది. కాంచన తల్లినే చూస్తోంది.

"ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదే?" అని అడిగింది ధనమ్మ. ఈసారి గొంతు వీధి చివరి దాకా పోలేదు.

"చెప్తే అన్నను పట్టుకోని పోతారు. చెప్పకుంటే ఆయన తన చావు తానే తెచ్చుకున్నాడని రాసేస్తారు. నేను ఏం చేసేదత్తా? ఆయనా నావాడే, ఈయనా నావాడే." కోకిల కొంగుతో ముఖం తుడుచుకుంది. "రేపు తిరువళ్లూరులో ఆఫీసరు నన్నూ అడుగుతాడంట. అడిగితే అబద్ధం చెప్పలేను. అయినా ఒగ మాట. వదినా, నువ్వు వద్దంటే నోరు తెరవను. నా తాళి ఎట్లా పాయ. నీది నిలవాల."

కాంచన నోరు తెరవక ముందే ధనమ్మ అందుకుంది.

"వద్దు! ఏమీ చెప్పొద్దు! అయిందేదో అయిపాయ. పోయినోడు ఎట్లా తిరిగి రాడు."

దామోదరం నోరెళ్లబెట్టాడు. "అక్కా, ఇంతసేపూ నువ్వే గదా..."

"నోరు ముయ్యిరా! ఉండే బిడ్డ బతకొద్దా?" అంటూ ధనమ్మ వాకిలి వదిలి పక్కకు జరిగింది. చెంగుతో గడప మీది దుమ్ము తుడిచింది, ఎందుకో ఆమెకే తెలియదు. "లోపలికి రా అల్లుడా. రా నాయినా. చీర ఎయ్యి. ఎండలో ఎంతసేపని నిలబడతావు?"

పొద్దున్నుంచి ఆ పిలుపు కోసమే కదా అందరూ కాచుకున్నది! ఇప్పుడది వచ్చింది. సుదర్శనం మాత్రం కదల్లేదు.

చెంబు కింద పెట్టాడు. చీర పొట్లాన్ని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. అత్తను చూడలేదు, చెల్లెల్ని చూడలేదు. కాంచనను చూశాడు.

"కాంచనా, అది నిజమైతే నీ తమ్ముణ్ణి నేను చంపినట్టే గదా?"

పందిట్లో జనం, వాకిట్లో తల్లి, నడవలో కోకిల అందరూ ఆమెనే చూస్తున్నారు. లేదు అనొచ్చు. నీకు తెలిసి చేసింది కాదు గదా అనొచ్చు. గాలి, మోత, విధి, ఎన్ని లేవు అనడానికి? అత్తగారింటి బతుకంతా ఆ ఒక్క 'లేదు' మీద నిలబడుతుంది. అమ్మ కళ్లతోనే బతిమాలుతోంది.

కాంచనకు మాత్రం తమ్ముడే కనిపించాడు. అన్నం పళ్లెం ముందు కూర్చుని, కేక తప్పకూడదని పాఠం వల్లించుకునే తమ్ముడు. వాడు నేర్చుకున్నది ఒక్కరైనా నిజమనాలి. సొంత అక్క అనకపోతే ఇంకెవరంటారు?

"ఔను" అంది.

అని, వెంటనే అతని చెయ్యి పట్టుకుంది. ఆ మాటకు వెనక ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది. నువ్వు నావాడివే, రేపు నేనూ నీతో వస్తా, ఏమైనా ఇద్దరం పడదాం అని చెప్పాలనుకుంది. కానీ మాటకంటే ముందు ఏడుపొచ్చింది.

సుదర్శనం తలూపాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఎన్నాళ్లుగానో మోస్తున్నదాన్ని ఎక్కడ దించాలో ఎవరో చూపించినట్టు తలూపాడు. చీర ఆమె చేతిలో పెట్టి, పట్టుకున్న వేళ్లను ఒక్కొక్కటిగా మెల్లగా విడిపించుకున్నాడు.

"నువ్వే ఎయ్యి" అన్నాడు.

తిరిగి నడవడం మొదలుపెట్టాడు.

"వదినా!" కోకిల గోడ వదిలేసి గడప దాకా వచ్చింది. "నాకు అన్న చేత్తో ఏస్తేనే కట్టుకుంటా. పిలుచుకోని రా. ఆయన వచ్చేదాకా నేను ఈణ్ణుంచి కదలను."

కాంచన చీర చేతిలో పట్టుకుని మొగుడి వీపునే చూస్తోంది. పిలిస్తే ఆగుతాడని అనుకుంది. ఎప్పుడూ ఆగేవాడు. వీధి చివర కూడలి. ఎడమకు తిరిగితే రైలు స్టేషను. నేరుగా పోతే పోలీసు స్టేషను. ఆ రెండిట్లో ఏదైనా ఫరవాలేదు, ఏదైనా మనిషి పోయి తిరిగొచ్చే చోటే.

సుదర్శనం కుడికి తిరిగాడు.

అటు క్వారీ కొండ తప్ప ఏమీ లేదు. విచారణ తేలేదాకా అక్కడ పని కూడా లేదు, మనిషి కూడా ఉండడు.

"మామా!" అని కేకపెట్టి, చీర దామోదరం చేతిలో పడేసి, కాంచన చెప్పులు లేని కాళ్లతో ఎండలోకి పరుగెత్తింది.